మంచు ట్రెక్కింగ్‌కు హెడ్‌ల్యాంప్: ముందు సెల్స్ తేల్చుకోండి, తర్వాతే దీపం

నుదుటికి కట్టుకునే హెడ్‌ల్యాంప్ కొనడానికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది ల్యూమెన్‌లు (వెలుగు ఎంతో చెప్పే కొలత) ఎన్ని అని. డబ్బా మీద పెద్దక్షరాలతో కనిపించేది కూడా ఆ అంకే. వాడకం మన చుట్టుపక్కలే ఐతే అలా కొన్నా పెద్ద నష్టం లేదు. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠకో బ్రహ్మతాల్‌కో బయల్దేరే హైదరాబాదీలకు ఆ అంకె ఎందుకూ కొరగాదు. అక్కడ దీపం ఎంతసేపు వెలుగుతుందో తేల్చేవి లోపలి సెల్స్. అందుకే నేను తలకిందుల సలహా ఇస్తాను: ముందు ఏ సెల్స్ వాడతారో తేల్చుకోండి, ఆ సెల్స్ పట్టే దీపం కొనుక్కోండి.

మన చలికీ ఆ చలికీ పోలిక లేదు. హైదరాబాద్‌లో రాత్రి 12 డిగ్రీలకు పడితే చాలు, మంకీ క్యాపులు బయటికొస్తాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఇంకాస్త గట్టిగా ఉంటుంది, లంబసింగిలో అప్పుడప్పుడు సున్నా దగ్గరికి పోతుంది. కేదార్‌కంఠ శిఖరం 3,810 మీటర్లు, అంటే 12,500 అడుగులు. చలికాలంలో పై క్యాంపుల్లో రాత్రిపూట మైనస్ 5, మైనస్ 10 మామూలే. సూర్యోదయం శిఖరం మీద చూడాలని రాత్రి రెండు మూడు గంటలకే నడక మొదలుపెడతారు. చలి ముదిరేది తెల్లవారుజామునే, దీపంతో పనిపడేదీ సరిగ్గా అప్పుడే.

ట్రెక్ గ్రూపుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘గాలితో కలిపి మైనస్ 20 అనిపిస్తుంది, బ్యాటరీలు చచ్చిపోతాయి’ అని. ఆ ‘అనిపించడం’ మన చర్మానికే. గాలి ఎంత వీచినా సెల్ వేడి చుట్టూ ఉన్న గాలి వేడికంటే కిందికి దిగదు. ఐతే గాలి వీస్తే ఆ స్థాయికి తొందరగా చేరుకుంటుంది. నుదుటి మీద కట్టుకున్న దీపానికి అడ్డం ఏమీ ఉండదు కాబట్టి సెల్స్ నిమిషాల్లోనే చల్లబడతాయి.

చలికి సెల్ ఏమవుతుంది

సెల్ లోపల ఒక కొస నుంచి ఇంకో కొసకు అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) ఎలక్ట్రోలైట్ అనే రసాయనంలోంచి ప్రయాణం చేయాలి. చలి పెరిగేకొద్దీ ఆ ప్రయాణం మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. డిసెంబరు పొద్దున సీసాలోని కొబ్బరినూనె ఎంత వంచినా బయటికి రానట్టే ఇదీను. నూనె ఎక్కడికీ పోలేదు, రావడమే లేదు. అరచేతిలో కాసేపు వేడి చేస్తే కదులుతుంది. చలికి ‘అయిపోయిన’ సెల్స్ జేబులో వెచ్చబడ్డాక మళ్లీ వెలగడానికి కారణం ఇదే. కాబట్టి కొండ మీద దీపం ఆరిపోతే ఆ సెల్స్ పారేయకండి, లోపలి జేబులో వేసుకోండి.

ఇందులోంచే ఇంకో సంగతి తెలుస్తుంది. దీపం ఎంత ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజ్ అంతగా కుంగుతుంది. అంటే చలిలో ఫుల్ బ్రైట్‌లో పెట్టడం సెల్స్‌కు రెండింతల శిక్ష. అదే సెల్స్ తక్కువ మోడ్‌లో గంటలకొద్దీ లాగించేస్తాయి. ఎల్‌ఈడీకి మాత్రం చలితో ఏ ఇబ్బందీ లేదు. చల్లగా ఉంటే అది ఇంకాస్త బాగానే పనిచేస్తుంది. గొడవంతా సెల్స్‌తోనే.

ఏ సెల్ ఏమాత్రం

పేర్ల గందరగోళం లేకుండా ఒక మాట. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ డబుల్ ఏ. టీవీ రిమోట్‌లో వేసే సన్నది ట్రిపుల్ ఏ. చాలా చిన్న హెడ్‌ల్యాంప్‌లలో పట్టేవి మూడు ట్రిపుల్ ఏలు.

కిరాణా కొట్లో దొరికే చవక జింక్ కార్బన్ సెల్స్ గడియారానికి, రిమోట్‌కి సరిపోతాయి. మంచు దాకా మోసుకెళ్లొద్దు. వాటి గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఆల్కలైన్ సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే చాలామంది కొనేది ఇవే. దొరకని ఊరు లేదు, ధర తక్కువ, గది వేడిలో బాగా పనిచేస్తాయి. కానీ లోపల ఉన్నది నీళ్లలో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్. తయారీదారులు వీటికి చెప్పే కింది హద్దు సుమారు మైనస్ 18 డిగ్రీలు. హద్దు దాకా పనిచేస్తాయి అంటే హద్దు దాకా పూర్తి సత్తువ ఇస్తాయని కాదు. సున్నాకు చేరకముందు నుంచే సామర్థ్యం పడిపోతూ ఉంటుంది, బ్రైట్ మోడ్‌లో ఇంకా ఎక్కువగా. వనజంగి మేఘాల కోసం తెల్లవారుజామున కొండెక్కడానికి, అనంతగిరిలో టెంట్ వేసుకోవడానికి ఇవి నిక్షేపంగా సరిపోతాయి. కేదార్‌కంఠ శిఖరానికి ఒక్క ఆల్కలైన్ సెట్టుతో బయల్దేరడం మాత్రం నేను ఒప్పుకోను. ఇంకో పితలాటకం కూడా ఉంది: ట్రెక్ అయ్యాక దీపంలోనే వదిలేస్తే మన ఎండాకాలం గడిచేసరికి కారతాయి. స్ప్రింగుల మీద తెల్లటి పొక్కులాంటిది పేరుకుని దీపాన్నే పాడుచేస్తుంది.

ఇక లిథియం సెల్స్, రీచార్జ్ చేయడానికి వీల్లేని రకం. ఎనర్జైజర్ అల్టిమేట్ లిథియం అని దొరికేవి ఇవే. లోపల నీళ్లు ఉండవు, అందుకే చలి వీటిని అంతగా దెబ్బతీయలేదు. కంపెనీ చెప్పే హద్దు మైనస్ 40 నుంచి ప్లస్ 60 డిగ్రీల దాకా. పైగా తేలిక: ఆల్కలైన్ ట్రిపుల్ ఏ ఒక్కోటి 11 గ్రాములు దాటితే ఇది 8 గ్రాముల లోపే. ఏళ్ల తరబడి డ్రాయర్‌లో పెట్టినా చార్జ్ పోదు, కారడం చాలా అరుదు. మరి అందరూ ఇవే ఎందుకు కొనరంటే ధర. ఆల్కలైన్‌కు పెట్టేదానికి చాలా రెట్లు పెట్టాలి, వాడి పారేయాలి.

వీటితో రెండు చిక్కులున్నాయి. మొదటిది, కొత్త సెల్ వోల్టేజ్ 1.8 దాకా ఉంటుంది. మూడు కలిపితే 5.4. కొన్ని పాత, చవక దీపాలు దాన్ని తట్టుకునేలా కట్టినవి కావు. డబ్బాలోని కాగితంలో లిథియం సెల్స్ వేయొచ్చో లేదో రాసి ఉంటుంది, కొనే ముందు చదవండి. రెండోది, ఇవి చివరిదాకా ఒకే తీరుగా వెలిగి ఉన్నట్టుండి పడిపోతాయి. దీపం మీది బ్యాటరీ గుర్తు ఆఖరి నిమిషం దాకా ఆకుపచ్చగానే ఉండొచ్చు. దాన్ని నమ్మి శిఖరానికి పోకూడదు. సగం వాడినవాటిని టెంట్ పనులకు పక్కన పెట్టి, శిఖరం రాత్రికి కొత్త సెట్టు వేసుకోవడం మేలు.

రీచార్జబుల్ నికెల్ సెల్స్ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది ఎనెలూప్. శాన్యో 2005లో తెచ్చింది, తర్వాత అది పానాసోనిక్ చేతికొచ్చింది. మైనస్ 20 దాకా పనిచేస్తాయని కంపెనీ చెబుతుంది. ఎక్కువ కరెంటు లాగినా వీటి వోల్టేజ్ ఆల్కలైన్ అంతగా కుంగదు, అందుకే చలిలో ఆల్కలైన్ కంటే నమ్మకంగా ఉంటాయి. లోటల్లా సామర్థ్యం: ట్రిపుల్ ఏ ఐతే 750 నుంచి 800 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, సెల్ ఎంత చార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత) మాత్రమే. వోల్టేజ్ 1.5 బదులు 1.2 కావడంతో కొన్ని దీపాలు కాస్త మసకగా వెలుగుతాయి, బ్యాటరీ గుర్తు మొదటినుంచే ఎర్రగా చూపిస్తుంది. నెలకోసారి ఎక్కడికో అక్కడికి పోయేవాళ్లకు, హైదరాబాద్‌లోని సాహస క్లబ్బులతో వారాంతాలు గడిపేవాళ్లకు వీటిని మించిన లాభసాటి బేరం లేదు. ఒక్కో సెల్‌ను విడివిడిగా చార్జ్ చేసే మంచి చార్జర్ కొనండి. జతలు జతలుగా చార్జ్ చేసే చవక చార్జర్లు మంచి సెల్స్‌ని కూడా తొందరగా ముసలివి చేస్తాయి.

లిథియం అయాన్ అంటే ఫోన్‌లో ఉండే రకం. హెడ్‌ల్యాంప్‌లలో కొన్నిటికి లోపలే బిగించి ఉంటుంది, కొన్నిటికి తీసి పెట్టుకునే పలకలాంటి బ్యాటరీ ఉంటుంది, పెద్దవాటికి 18650 అనే గొట్టం సెల్ ఉంటుంది. 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు కాబట్టి ఆ పేరు. సత్తువలో దీనికి ఎదురులేదు. లెక్క చూడండి: మూడు నికెల్ ట్రిపుల్ ఏలలో ఉండే మొత్తం శక్తి సుమారు 2.7 వాట్ అవర్లు. మూడు లిథియం ట్రిపుల్ ఏలలో ఐదు పైచిలుకు. 3500 ఎంఏహెచ్ ఉన్న ఒక్క 18650లో పన్నెండున్నర. చలికి అందులో మూడో వంతు తగ్గినా మిగిలింది మిగతావాటికంటే ఎక్కువే.

కానీ దీనికి దాటకూడని గీత ఒకటుంది. సున్నా డిగ్రీల కింద దీన్ని చార్జ్ చేయకూడదు. అంత చలిలో చార్జ్ పెడితే సెల్ లోపలి కొస మీద లిథియం లోహం పొరలా పేరుకుంటుంది. ఆ నష్టం మళ్లీ పూడదు, పేరుకోవడం ముదిరితే ప్రమాదం కూడా. వాడుకోవడం వేరు, చార్జింగ్ వేరు: మైనస్ 20 దాకా వెలిగించుకోవచ్చు, చార్జింగ్ మాత్రం వెచ్చగా ఉన్నప్పుడే. క్యాంపుకు మధ్యాహ్నం చేరుకున్నాక ఎండ ఉన్నంతసేపట్లో పవర్ బ్యాంక్‌కి తగిలించండి. రాత్రి టెంట్ మూలన బ్యాగులో పెట్టి చార్జింగ్ పెట్టి పడుకోవడం చాలామంది చేసే పని. అది సెల్‌ని చేజేతులా చంపుకోవడమే.

ఈ మధ్య టైప్-సి రంధ్రంతో 1.5 వోల్టుల రీచార్జబుల్ ట్రిపుల్ ఏలు కూడా వస్తున్నాయి. లోపల ఉన్నది లిథియం అయానే, పక్కన చిన్న సర్క్యూట్ ఉండి వోల్టేజ్ 1.5కి దించుతుంది. పొదుపే, కానీ చలి విషయంలో లిథియం అయాన్ నియమాలన్నీ వీటికీ వర్తిస్తాయి. పైన చెప్పిన, రీచార్జ్ కాని లిథియంతో వీటిని పొరబడకండి. ఆ రకాన్ని చార్జర్‌లో పెట్టడం అసలు చేయకూడని పని.

ఇప్పుడు దీపం

నా దృష్టిలో హైదరాబాద్ నుంచి ఏడాదికి ఒకటి రెండు మంచు ట్రెక్‌లకు పోయే మనిషికి హైబ్రిడ్ దీపాన్ని మించింది లేదు. అంటే రీచార్జబుల్ పలక పట్టే చోటే మూడు ట్రిపుల్ ఏలు కూడా పడతాయి. పెట్జెల్ యాక్టిక్ కోర్ ఈ రకమే. 1250 ఎంఏహెచ్ పలకతో వస్తుంది, కావాలంటే పలక తీసి మామూలు సెల్స్ వేసుకోవచ్చు. ఇంట్లో, లంబసింగిలో, రాత్రిళ్లు బండి పంక్చరైనప్పుడు పలకతో వాడుకోండి. శిఖరం రాత్రికి లిథియం ట్రిపుల్ ఏలు వేయండి. పాత దీపానికే కొత్త సెల్స్‌తో కొత్త జన్మ. కరెంటు లేని చోట చార్జింగ్ టెన్షన్ ఉండదు.

మూడు ట్రిపుల్ ఏలతో నడిచే మామూలు దీపాలు తక్కువ ధరలో వస్తాయి. బ్లాక్ డైమండ్ స్పాట్ 400 లాంటిది ఐతే 400 ల్యూమెన్‌లు ఇస్తుంది, మనకు అంత కూడా అక్కర్లేదు. మొదటిసారి పోతున్నవాళ్లకు, మళ్లీ పోతామో లేదో తెలియనివాళ్లకు ఇది చాలు. అసలు కొనకుండా ట్రెక్ సంస్థల దగ్గర అద్దెకు తీసుకునే దారి కూడా ఉంది. అద్దెకు తీసుకున్నా సెల్స్ మాత్రం మీవే వేసుకోండి. వాళ్లిచ్చినవి ముందు బ్యాచ్‌లో ఎంత కరిగాయో ఎవరికి తెలుసు.

18650 పట్టే పెద్ద దీపాల్లో ఫీనిక్స్ హెచ్ఎం65ఆర్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. 1400 ల్యూమెన్‌లు, మెగ్నీషియం ఒళ్లు. బరువు నుదుటి మీద తెలుస్తుంది, పైనుంచి వచ్చే పట్టీ లేకపోతే నడుస్తుంటే కళ్ల మీదికి జారుతుంది. ఫొటోలు తీసేవాళ్లకు, రాత్రంతా నడిచే గైడ్‌లకు, తరచూ పోయేవాళ్లకు ఇది సరైనదే. ఒక అదనపు సెల్ లోపలి జేబులో ఉంటే రెండు మూడు రాత్రులకు దిగుల్లేదు.

బ్యాటరీ లోపలే బిగించిన చిన్న దీపాలను మంచులో ఒంటరిగా నమ్మొద్దు. సెల్ మార్చడానికి వీల్లేదు, ఆరిపోతే మొత్తం దీపాన్ని తీసి చంకలో పెట్టుకుని వెచ్చబడేదాకా చీకట్లో నిలబడాలి. కానీ రెండో దీపంగా ఇవి బంగారం. పెట్జెల్ బిందీ బరువు 35 గ్రాములు, 200 ల్యూమెన్‌లు. జేబులో వెచ్చగా పడుంటుంది, ఉన్నట్టే తెలియదు.

రెండో దీపం దేనికి అంటారేమో. తెల్లవారుజామున మూడింటికి, మంచులో నిలబడి, సెల్స్ మార్చడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. గ్లవ్స్‌తో వెనక మూత గొళ్లెం చేతికి దొరకదు. గ్లవ్స్ తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. మూత తెరుచుకోగానే సెల్ ఒకటి మంచులో పడుతుంది. ప్లస్, మైనస్ గుర్తులు నల్ల ప్లాస్టిక్ మీద నల్లగానే అచ్చువేసి ఉంటాయి, అవి కనబడాలంటే ఇంకో దీపం కావాలి. ఫోన్ లైటు ఉందిగా అంటే, ఫోన్‌లో ఉన్నదీ లిథియం అయానే, ఆ చలికి ముందే నలభై శాతం దగ్గర స్విచాఫ్ అయ్యుండొచ్చు. అందుకే డబ్బులు పరిమితంగా ఉంటే ఒక ఖరీదైన దీపం కంటే ఒక మధ్యరకం దీపం, ఒక చిన్న దీపం కొనమంటాను.

ఇంకా ఘోరమైన చలికి, అంటే లద్దాఖ్‌లో గడ్డకట్టిన నది మీద నడిచే చాదర్ ట్రెక్ లాంటి చోటికి, బ్యాటరీ పెట్టె వేరుగా ఉండి వైరుతో దీపానికి కలిసే రకాలున్నాయి. పెట్టె జాకెట్ లోపల ఒంటి వేడికి ఉంటుంది, నెత్తి మీద బల్బు మాత్రమే. చాదర్‌లో రాత్రిళ్లు మైనస్ 20 నుంచి మైనస్ 30 దాకా పోతాయి కాబట్టి అక్కడ ఈ ఏర్పాటుకు అర్థముంది. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పటి నుంచి మన దగ్గర భువనగిరి రాతి కొండ మీద శిక్షణ తీసుకుని ఎత్తైన శిఖరాలు కలగనే పిల్లలు పెరిగారు. వాళ్లకు ఈ వైరు పెట్టె లేదా లిథియం సెల్స్, రెండే దారులు. మిగతావాళ్లకు వైరు అదనపు బాదరబందీ. జాకెట్ జిప్పు వేసినప్పుడల్లా తగులుతుంది.

ల్యూమెన్‌ల మాయ

డబ్బా మీద ‘100 గంటలు’ అని రాసి ఉంటే అది తక్కువ మోడ్‌లో అని గుర్తుంచుకోండి. పేరున్న కంపెనీలు పాటించే ఎఫ్ఎల్ 1 అనే ప్రమాణం ఉంది, 2009లో వచ్చింది. దాని ప్రకారం వెలుగు కొలిచేది దీపం వెలిగించిన 30 సెకన్లకు. ఎన్ని గంటలు అనేది వెలుగు మొదటిదానిలో పదో వంతుకు పడేదాకా లెక్క. అంటే 400 ల్యూమెన్‌ల దీపం 40కి దిగిపోయినా అది ‘వెలుగుతున్నట్టే’. ఈ కొలతలన్నీ గది వేడిలో చేసినవి. మైనస్ 10లో వాటికి ఏ హామీ లేదు.

పోనీ మంచులో ఎంత వెలుగు కావాలి? తెల్లటి మంచు వెలుగును వెనక్కి కొడుతుంది కాబట్టి ముందు మనిషి అడుగులు చూస్తూ నడవడానికి 50 నుంచి 100 ల్యూమెన్‌లు చాలు. ఎక్కువ పెడితే ఇంకో చిరాకు. చలికి మీ ఊపిరి పొగమంచులా బయటికొస్తుంది, నుదుటి మీది దీపం ఆ పొగను తెల్లటి తెరలా వెలిగించి దారి కనబడకుండా చేస్తుంది. తగ్గించి, కాస్త కిందికి వంచితే సర్దుకుంటుంది. దారి తప్పినప్పుడు దూరం చూడ్డానికి మాత్రం 300 పైన ఉన్న మోడ్ ఒకటి ఉండాలి, అదీ నిమిషాలకే.

ఎర్ర లైటు ఉన్నది చూసుకోండి. చీకటికి అలవాటుపడ్డ కన్ను ఎర్ర వెలుగుతో పెద్దగా చెదరదు, టెంట్‌లో పక్కన పడుకున్నవాళ్ల తిట్లు కూడా తప్పుతాయి. బటన్ గ్లవ్స్‌తో నొక్కేంత పెద్దదిగా ఉండాలి. చెయ్యి ఊపితే వెలిగే సెన్సర్ ఉన్నవాటిని కొనకండి, ముక్కు తుడుచుకున్నా ఆరిపోతాయి. పట్టీ మంకీ క్యాప్ మీద, దానిపైన హుడ్ మీద కూడా పట్టాలి. నీటి రక్షణ ఐపీఎక్స్4 ఉంటే మంచు తుంపరకు సరిపోతుంది. బ్యాగులో దానంతట అది వెలగకుండా లాక్ చేసే వీలు తప్పనిసరి, అది లేకపోతే క్యాంపుకు చేరేసరికి సెల్స్ ఖాళీ.

కోఠిలో ఐనా, ఆన్‌లైన్‌లో ఐనా

గుజరాతీ గల్లీలో తిరిగితే టార్చిలైట్లు, హెడ్‌ల్యాంప్‌లు, గొట్టం సెల్స్ కుప్పలుగా కనిపిస్తాయి. ‘లక్ష ల్యూమెన్‌లు అన్నా, గుట్ట మొత్తం కనిపిస్తది’ అనే మాట విని నవ్వుకుని ముందుకు సాగండి. సెల్స్ దగ్గర మాత్రం నవ్వులాట కాదు. 18650 సైజులో మంచి కంపెనీలు మామూలుగా ఇచ్చేది సుమారు 3500 ఎంఏహెచ్ దాకా. పైన 6800 అని, 9900 అని అచ్చు వేసి ఉంటే అది అబద్ధమే, రెండో ఆలోచన అక్కర్లేదు. అనుమానమొస్తే తూకం వేయండి. అసలైనది 45 నుంచి 50 గ్రాముల మధ్య తూగుతుంది, నకిలీవి చాలా తేలిగ్గా ఉంటాయి. దీనికి చార్‌కమాన్ బంగారం తక్కెడ అక్కర్లేదు, వంటింటి డిజిటల్ స్కేలు సరిపోతుంది. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి ఊడదీసి కొత్త తొడుగు వేసినవీ తిరుగుతుంటాయి. రక్షణ సర్క్యూట్ ఉన్న 18650 మామూలుదానికంటే కొన్ని మిల్లీమీటర్లు పొడవు, కొన్ని దీపాల్లో పట్టదు కాబట్టి దీపం తీసుకెళ్లి పెట్టి చూసి కొనండి.

డెకాథ్లాన్ లాంటి పెద్ద దుకాణాల్లో లాభమేమిటంటే దీపాన్ని నెత్తికి పెట్టుకుని, మీ గ్లవ్స్‌తో బటన్ నొక్కి చూడొచ్చు. ఏ దీపమైనా పట్టీ వదులు చేయడం, మూత తెరవడం అక్కడే రెండుసార్లు చేసి చూడండి. గ్లవ్స్ తీసుకుని దుకాణానికి పోవాలంటే మొహమాటంగా ఉంటుంది, నిజమే. ఐనా తీసుకెళ్లండి. చార్జింగ్ రంధ్రం టైప్-సి ఉన్నదే కొనండి. దీపం చేసిన కంపెనీ ఇచ్చే అయస్కాంతం వైరు ఒక్కటే పట్టే రకం ఐతే, ఆ వైరు ఇంట్లో మర్చిపోయిన రోజు దీపం ఉన్నా లేనట్టే.

కొన్నాక బయల్దేరేలోపు ఇంట్లోనే చలి పరీక్ష పెట్టుకోవచ్చు. మామూలు ఫ్రిజ్‌లో ఫ్రీజర్ సుమారు మైనస్ 18 ఉంటుంది. ఆల్కలైన్ సెల్స్ వేసిన దీపాన్ని జిప్ కవర్లో పెట్టి, మీడియం మోడ్‌లో వెలిగించి, చేపల ప్యాకెట్ పక్కన పెట్టండి. గంటకోసారి తలుపు తీసి చూడండి. ఇంకో రోజు ఇదే పని లిథియం సెల్స్‌తో. తేడా కళ్లకు కడుతుంది, ఇంట్లోవాళ్ల చివాట్లు మీ బాధ్యత. బయటికి తీశాక కవర్లోంచి వెంటనే తీయకండి, గది వేడికి వచ్చేదాకా ఆగండి. లేకపోతే చల్లటి దీపం మీద తడి పట్టి లోపలికి దిగుతుంది. రీచార్జబుల్ పలకతో ఈ పరీక్ష చేస్తే పూర్తిగా వెచ్చబడ్డాకే చార్జింగ్.

కొండ మీద అలవాటు చేసుకోవాల్సింది ఒక్కటే: పడుకునేటప్పుడు సెల్స్, చిన్న దీపం, ఫోన్, పవర్ బ్యాంక్ అన్నీ ఒక సాక్సులో వేసి స్లీపింగ్ బ్యాగ్ లోపల కాళ్ల దగ్గర పెట్టుకోండి, వైర్లేవీ తగిలించకుండా. శిఖరానికి లేచినప్పుడు వెచ్చటి సెల్స్‌తో మొదలుపెడితే మొదటి గంట హాయిగా గడుస్తుంది. అదనపు సెట్టు జాకెట్ బయటి జేబులో కాదు, ఒంటికి ఆనుకున్న లోపలి జేబులో. మూడూ కలిపి ఒక రబ్బరు బ్యాండ్ చుట్టి ఉంచితే కొత్తవీ పాతవీ కలిసిపోవు. కొత్త సెల్స్, సగం వాడినవి కలిపి వేస్తే బలహీనమైనది ముందు చచ్చి మిగతా రెంటినీ లాగేస్తుంది.

ఇక ప్రయాణం. శంషాబాద్‌లో విమానం ఎక్కి డెహ్రాడూన్ వెళ్లేవాళ్లు విడి లిథియం సెల్స్, 18650లు, పవర్ బ్యాంక్ చెక్-ఇన్ సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంక్ 100 వాట్ అవర్ల లోపు ఐతే మామూలుగా రానిస్తారు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లు కాబట్టి చిక్కులేదు. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంక్‌తో మాత్రం సెక్యూరిటీ దగ్గర వాదన తప్పదు. విడి సెల్స్ తాళాలతో, చిల్లరతో కలవకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, లేదా కొసలకు టేప్ అంటించండి. రైల్లో ఢిల్లీ దాకా వెళ్లి అక్కణ్ణుంచి కేదార్‌కంఠ నడక మొదలయ్యే సాంక్రీ ఊరికి జీపులో పోయేవాళ్లకు ఈ తనిఖీల బెడద లేదు, కానీ సెల్స్ మాత్రం ఇక్కడే కొనుక్కుని బయల్దేరండి. కొండ దారి చివర కొట్లో ఆల్కలైన్ దొరికితే దొరుకుతుంది, లిథియం ట్రిపుల్ ఏ కోసం ఆశపడొద్దు.